ఉల్లంకి కాలి కడియం

నా ఒంటి నిండా అక్షరాలే. అయినా నన్ను ఎవరూ చదవకూడదని కోరుకుంటాను. నా అక్షరాలు అంత సన్నం మరి. నన్ను చదవాలంటే పిట్ట మనిషి చేతిలో ఉండాలి. అంటే అది బతికుండి వలలో పడాలి, లేదా చచ్చి బురదలో దొరకాలి.

నేను అల్యూమినియం కడియాన్ని. గ్రాము కూడా తూగను. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయండని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఒక మాట, పక్కన ఒక నంబరు, నా మీద ఉన్నది అంతే. నన్ను మోస్తున్నది ఒక ఆడ ఉల్లంకి. వంపు తిరిగిన నల్లటి ముక్కు, ఎగిరినప్పుడు తోక పైన తెల్లగా మెరిసే నడుము. బైనాక్యులర్లు మెళ్లో వేసుకు తిరిగేవాళ్లు దాన్ని కర్లూ శాండ్‌పైపర్ అంటారు.

నన్ను తొడిగింది తమిళనాడు కొసన, కోడిక్కరై ఉప్పుమడుల్లో. ఆ రాత్రి సన్నవలలు పన్నినవాళ్లు బీహార్ నుంచి వచ్చిన మీర్షికార్లు. తరతరాలుగా పిట్టలు పట్టి బతికిన కులం. ఈక చెదరకుండా, కాలు బెణక్కుండా వల్లోంచి పిట్టను విడదీయడం వాళ్ల చేతులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ విద్యను పిట్టల మేలుకు మళ్లించినవాళ్లకు నేను దండం పెడతాను. ముక్కు కొలిచారు, రెక్క కొలిచారు, గుడ్డసంచిలో వేసి తూచారు, నన్ను కాలికి ఒత్తి మూశారు. నాకు తోడుగా మోకాలి పైన చిన్న ప్లాస్టిక్ జెండా ఒకటి కట్టారు. దాని మీద అక్షరాలు పెద్దవి. దూరం నుంచి టెలిస్కోపులో చదవొచ్చు, పిట్టను తాకక్కర్లేదు. ఆ జెండా అంటే నాకు గౌరవం.

మా వంశం మొదలైన తీరు చెప్పుకోవాలి. 1957లో మైసూరు రాష్ట్రంలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, ఊళ్లలో మనుషులకు జ్వరాలొచ్చాయి. ఆ వైరస్ రష్యా వైపు కనిపించే ఒక జబ్బుకు దగ్గరిదని తేలింది. సైబీరియా నుంచి వచ్చే పక్షులే పిడుదుల్ని మోసుకొచ్చాయేమోనని అనుమానం పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బు సాయం చేస్తే, పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ 1959లో పెద్ద ఎత్తున పక్షులకు కడియాలు తొడిగించే పని మొదలుపెట్టాడు. పక్షుల మీద ఆ నింద నిలబడలేదు. కడియాల పని మాత్రం నిలబడింది. ఏ పిట్ట ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో ఈ దేశానికి తెలిసింది చాలావరకు మా వల్లే.

ఫాల్గుణం చివరికొచ్చేసరికి మా ఉల్లంకి కోడిక్కరైలో నిలవదు. తూర్పుతీరం పట్టుకుని ఉత్తరానికి సాగుతుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట, హంసలదీవికీ నాగాయలంకకీ దిగువన, మడ అడవులు దాటాక పరుచుకున్న బురద మీద వాలుతుంది. ఈ మడ అడవులను 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 195 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లి తిరిగే అడవి. మాకు కావలసింది మాత్రం ఆ చెట్ల ముందున్న నేల. పోటుకు మునిగి పాటుకు తేలే నేల.

పాటు తీసిన గంటకు బురద మీద పలచటి నీటిపొర మిగులుతుంది. అదే మేతవేళ. నేను కాలికి ఉంటాను గనుక అంతా దగ్గర్నుంచి చూస్తాను. ముక్కు గుచ్చుతుంది, తీస్తుంది, అడుగు పడేలోపు మళ్లీ నాలుగుసార్లు గుచ్చుతుంది. ముక్కు కొసకే స్పర్శ ఉంది. బురద లోపల కదిలే పురుగు కంటికి కనపడకపోయినా దానికి తెలిసిపోతుంది. ఒకసారి బొరియలోంచి ఎర్రటి పురుగు సాగుతూ సాగుతూ వచ్చింది. గట్టిగా లాగితే తెగుతుంది. మా పిట్ట ఆగింది, పట్టు వదలకుండా కాస్త వెనక్కి వాలింది, పురుగు సడలిన క్షణాన మొత్తం లాగేసి, పక్క గుంటలో కడిగి మింగింది. ఇలా పగలూ రాత్రీ పాటు ఉన్నప్పుడల్లా తింటుంది. శీతాకాలంలో 50, 60 గ్రాములుండే ఒళ్లు వసంతానికి 80 దాకా పెరుగుతుంది. ఆ పెరిగినదంతా చర్మం కింద దాచుకున్న కొవ్వు. అదే దారి బత్తెం.

రంగు మారేదీ ఇప్పుడే. చలికాలమంతా బూడిదరంగులో ఎవరి కంటా పడకుండా ఉన్న పిట్టకు ఒక్కొక్క ఈకే రాలి కొత్తది మొలుస్తుంది. ఉగాది వెళ్లేసరికి ముఖం, మెడ, రొమ్ము ఇటుక ఎరుపు. పక్కనే మేసే గోల్డెన్ ప్లవర్‌కు వీపున బంగారు చుక్కలు తేలి పొట్ట నల్లబడుతుంది. గాడ్విట్ మెడ తుప్పురంగు తిరుగుతుంది. ఇంత అందం ఒడ్డున పరుచుకుని ఉంటే చూసేవాళ్లు ఉండరు. జనం పక్షుల కోసం వచ్చేది డిసెంబరు, జనవరిల్లో. కైకలూరు దగ్గర ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టినప్పుడు పడవెక్కి చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. మంచిదే. కానీ ఏప్రిల్ ఎండకు జడిసి ఇంట్లో కూర్చుంటే ఏడాదిలో అన్నిటికన్నా గొప్ప అలంకారం చూడకుండా పోయినట్టే. తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదిరేలోపు ఎంతైనా చూడొచ్చు.

ఒక వసంతంలో మేము దారి తప్పి నదివెంట ఎగువకు, బెజవాడ దాకా పోయాం. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ మూసి ఉన్నాయి. దిగువన ఇసుకమేటలు, మేటల మధ్య మడుగులు. రెండు రోజులు అక్కడే మేశాం. ఘాట్ల మీద కాటుకపిట్టలు తోకలు ఆడిస్తూ తిరుగుతున్నాయి. అవీ ప్రయాణం మీద ఉన్నవే. కరెంటు తీగల మీద వానకోయిలలు బారులు తీరాయి. ఊళ్లో పూసిన బూరుగచెట్ల మీద గులాబీరంగు గోరింకలు వందలకొద్దీ వాలి ఒకటే గోల. ఆ పూలతేనె తాగి అవి కజకిస్తాన్ దాకా పోతాయి. భవానీ ద్వీపంలోనో, ఇంటి దగ్గరి పార్కులోనో పొద్దున్నే నడిచేవాళ్లు ఒక్క పది నిమిషాలు నిలబడి తల పైకెత్తితే చాలు, దేశాలు దాటే పక్షి ఏదో ఒకటి కనపడుతుంది.

ఆ బ్యారేజీ 1957 నాటిది. అంతకుముందు అక్కడ 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. ఆ నీళ్లే ఈ డెల్టాకు అన్నం పెట్టాయి, ఆ మాట కాదనను. అయితే నదికి అడ్డంగా పైన శ్రీశైలం, నాగార్జునసాగర్ కూడా లేచాక కిందికి దిగే ఒండ్రు తగ్గింది. ఒండ్రు తగ్గితే సముద్రం ఒడ్డును కోసుకుంటుంది. మా పిట్ట మేసే బురద ఆకాశంలోంచి ఊడిపడదు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ నేలల మీదుగా నది మోసుకొచ్చి పోస్తేనే ఉంటుంది.

ఇటు కొల్లేటి సరస్సులో అయిదో కాంటూరు (ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం చేశారు. 2002లో చిత్తడినేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో లోపలి చేపలచెరువుల గట్లు తెగ్గొట్టారు. చెరువులంటే పిట్టలన్నిటికీ ఒకటే అనుకుంటారు చాలామంది. నిండుచెరువులో గూడబాతు ఈదుతుంది, ఉల్లంకికి కాలు ఆనదు. దానికి గోరులోతు నీళ్లు, వేలులోతు బురద కావాలి. రొయ్యలచెరువు పట్టుబడి అయ్యాక నీళ్లు తోడేసి ఎండగట్టే నాలుగు రోజులు మాత్రం మాకు పండగ. ఏరేటర్లు ఆగిన చెరువు అడుగున వందల పిట్టలు దిగుతాయి. రైతు ఆ నాలుగు రోజులూ టపాకాయలు పేల్చకుండా ఉంటే అదే పెద్ద ఉపకారం.

ఇంకో మాట కూడా చెప్పాలి, కాస్త బాధతోనే. కెమెరాతో వచ్చినవాళ్లలో కొందరు పిట్టలు నిలబడి ఉంటే తృప్తిపడరు. గుంపు మొత్తం లేచి ఒక్కసారిగా తిరిగే బొమ్మ కావాలి. అందుకని పరుగెత్తుకొస్తారు, చేతులు చరుస్తారు. గుంపు లేస్తుంది, బొమ్మ వస్తుంది. లేచిన ప్రతిసారీ చర్మం కింది బత్తెం కొంత ఖర్చవుతుంది. పురుగు పురుగు ఏరి పోగుచేసుకున్నది అది. ఆ ఖర్చు ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు, దారంతా వెంట వెళ్లినదాన్ని గనుక.

బయల్దేరడం సాయంత్రంపూట. ఎండ తగ్గి దక్షిణపు గాలి పట్టుకున్నాక గుంపులో అలజడి మొదలవుతుంది. తినడం మానేసి అరుచుకుంటాయి, ఒకటి లేస్తుంది, పది లేస్తాయి, పైకెళ్లి బారు కడతాయి. మధ్య ఆసియా సరస్సుల ఒడ్డున దిగి మళ్లీ తిని మళ్లీ లేస్తాయి. చేరేది సైబీరియా ఉత్తరపు కొస, తైమీర్ ద్వీపకల్పం. ఇక్కణ్ణుంచి 6,000 కిలోమీటర్ల పైమాటే. జూన్ మొదట్లో అక్కడ మంచు ఇంకా పూర్తిగా కరగదు, పొద్దు గుంకదు. మా పిట్ట నాచులో గుంట చేసి నాలుగు గుడ్లు పెట్టింది. మగది జతకట్టి తన దారిన దక్షిణానికి వెళ్లిపోయింది. ఈ జాతిలో అంతే, పొదగడం, పిల్లల్ని తిప్పడం తల్లి ఒక్కదాని పనే. అక్కడ లెమ్మింగులనే ఎలుకజాతి జంతువులు బాగా పుట్టిన ఏడు నక్కలు వాటిని తిని మమ్మల్ని వదిలేస్తాయి. లెమ్మింగులు తగ్గిన ఏడు గుడ్లూ పిల్లలూ నక్కలపాలే. దక్షిణాన తిండి సరిగా దొరకని పిట్ట అక్కడికి ఆలస్యంగా, నీరసంగా చేరితే మంచి ఏడు కూడా దానికి మంచి ఏడు కాదు. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మా జాతిని ముప్పులో ఉన్నవాటి జాబితాలోకి చేర్చింది. బూడిద రంగు ప్లవర్లను, మరికొన్ని ఒడ్డుపిట్టలను కూడా మాతోపాటే.

ఈ చైత్రంలో మళ్లీ హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప అవతలి బురదపర్ర మీదికి వచ్చాం. ఉప్పునీళ్లు నన్ను కొరికేస్తున్నాయి. నా నంబరులో చివరి అంకెలు అరిగిపోయాయి. జెండా మాత్రం గట్టిగానే ఉంది.

పొద్దున్నే పడవలో ముగ్గురొచ్చారు. బెజవాడ నుంచి ఒక రిటైరైన మేష్టారు, ఆయన మనవరాలు, నాగాయలంక పడవాయన. టెలిస్కోపు దించగానే మేష్టారు మావైపు రెండడుగులు వేశారు.

“అటెల్లకండి మేష్టారూ,” అన్నాడు పడవాయన. “ఇప్పుడెల్తే లేచిపోతయ్యి. ఈడనే కూకోండి. ఇంకో గంటకి పోటెక్కుద్ది. నీళ్లే వాటిని మీ దగ్గరికి తోలుకొస్తయ్యి.”

కూర్చున్నారు. గొడుగు కూడా విప్పలేదు. నీళ్లు సన్నగా పాకుతూ వచ్చాయి. బురద తగ్గేకొద్దీ మేం అడుగు అడుగూ వెనక్కి జరిగాం. వెనక్కి అంటే వాళ్లవైపే. బెదిరించకుండా కూర్చున్న మనిషిని పిట్ట దుంగకింద లెక్కగడుతుంది. ఎర్రటి రొమ్ములు, నల్లటి పొట్టలు, తుప్పురంగు మెడలు వాళ్ల ముందు వరస కట్టాయి.

“తాతయ్యా, దాని కాలికి ఏదో ఉంది!” అని పిల్ల గుసగుసలాడింది. మేష్టారు కన్ను ఆనించి చూశారు. మా పిట్ట ఒంటికాలి మీద నిలబడింది, జెండా ఉన్న కాలు ఈకల్లో దాచుకుంది. వాళ్లు ఓపిక పట్టారు. నీళ్లు వేళ్లకు తగలగానే అది రెండో కాలు దించి పక్కకు గెంతింది. “చదువు, చదువు” అన్నారు మేష్టారు. పిల్ల ఒక్కొక్క అక్షరం పైకి చదివింది, ఆయన పుస్తకంలో రాసుకున్నారు. తేదీ, వేళ, చోటు కూడా.

పడవాయన చాలాసేపు ఊరుకుని అడిగాడు. “దీనివల్ల మనకేమొస్తదండీ?”

“ఇది బొంబాయికి పంపిస్తాం. ఎక్కడ తొడిగారో, ఎప్పుడు తొడిగారో వాళ్లు చెప్తారు. ఈ పిట్ట ఇక్కడ దిగిందని కాగితం మీద ఉంటుంది. రేపు ఎవరికన్నా ఈ పర్ర కావాల్సొచ్చి ఖాళీ నేల అని రాద్దామనుకుంటే, కాదని చూపించడానికి మన దగ్గర ఒక కాగితం ఉంటుంది.”

“ఒక్క కాగితం సరిపోద్దా?”

“సరిపోదు. అందుకే ప్రతి ఏడూ రావాలి.”

పడవాయన నీళ్లవంక చూశాడు. “అయితే ఎల్లుండి కూడా రండి మేష్టారూ. అమావాస్య పోటు, ఇంకా పైకెక్కుద్ది. అవతల దిబ్బ మీద గుంపులున్నయ్యి, వాటి కాళ్లు కూడా చూద్దురుగాని.”