కడప ల్యాబులో ఒక లూపు ఆత్మకథ

పుట్టింది నికెలూ క్రోమియమూ కలిసిన లోహంలో. వేలెడంత పొడవు, కొసన చిన్న గుండ్రం. కడపలోని ఆ మైక్రోబయాలజీ ల్యాబులో అందరూ దాన్ని లూపు అంటారు. చీమును ముట్టుకునే ముందు ఎర్రగా కాలుతుంది, ముట్టుకున్నాక మళ్లీ కాలుతుంది. చల్లారకముందే నమూనాలో పెడితే వెతకబోయే సూక్ష్మజీవే మాడిపోతుంది. అందుకే మంటకూ నమూనాకూ మధ్య ఆగే ఆ కొన్ని సెకన్లంటే దానికి అంత పట్టింపు. లూపు తన కథలో ‘నేను’ అనదు. పట్టుకున్న చేతి పనే తన బతుకు గనక ‘ఈ తీగ’ అని మాత్రం చెప్పుకుంటుంది.

ఒక ఉదయం పెండ్లిమర్రి నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. పొలతల కొండల దిక్కు మేపుకునే మనిషి. ముంజేతి మీద సెగగడ్డ, చుట్టూ ఎర్రటి వాపు. డాక్టరు గడ్డ కోసి చీము తీశారు, ముందు జాగ్రత్తగా మందూ మొదలుపెట్టారు. అయినా కాపరి నోట వచ్చిన ఒక మాట ఆమెను నిలవనీయలేదు. అంతకుముందు చచ్చిన గొర్రెకు అతనే తోలు తీశాడట. నమూనాతో వచ్చిన చీటీలో ఆమె రాసిన ప్రశ్న ఒకటే: దొమ్మ కాదు కదా?

“పేరేందో ఇప్పుడే చెప్పరాదా సామీ?” అన్నాడు కాపరి.

“కొంచెం ఇప్పుడు తెలుస్తాది మామా. మిగిలింది రేప్పొద్దునకు. రాత్రంతా అది పెరగాల కదా” అంది టెక్నీషియన్ పాప.

దొమ్మ, అంటే ఆంథ్రాక్స్. 1876లో రాబర్ట్ కోహ్ ఒక నిర్దిష్ట జబ్బుకు ఒక నిర్దిష్ట సూక్ష్మజీవే కారణమని చూపించింది ఈ జబ్బుతోనే. విశాఖ మన్యంలో చచ్చిన పశువులను కోసినవాళ్ల చేతుల మీద నల్లటి పుండ్లు లేచిన సంగతులు పలుసార్లు వార్తలకెక్కాయి. ఆ పుండు నొప్పి పుట్టదు, చీమూ పట్టదు. కాపరి గడ్డేమో నొప్పితో సలుపుతోంది, చీము కారుతోంది. అది ఊరటే. కానీ ఊరట నిర్ధారణ కాదు గనక ఆ రోజు పనంతా సేఫ్టీ క్యాబినెట్‌లోనే సాగింది.

ఈ తీగ చీమును గాజు పలక మీద పలచగా పరిచింది. ఆరింది, వేడి తగిలి అతుక్కుంది. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, నీళ్లు, అయొడిన్ ఒక నిమిషం, మళ్లీ నీళ్లు. ఆ తర్వాతిదే గండం: ఆల్కహాలు. కొన్ని సెకన్లు ఎక్కువైతే ఊదా నిలవాల్సిన కణం కూడా వెలిసిపోయి తప్పు చెబుతుంది. చివర సాఫ్రనిన్. ఈ పద్ధతికి ఆద్యుడు డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్. న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కల్లో బాక్టీరియాను వెతుకుతూ బెర్లిన్‌లో 1884లో దీన్ని ప్రకటించాడు. కణం గోడలో పెప్టిడోగ్లైకాన్ మందంగా ఉంటే ఊదా రంగు లోపలే చిక్కుకుంటుంది. అది గ్రామ్ పాజిటివ్.

మైక్రోస్కోపులో ఊదా గుండ్లు ద్రాక్షగుత్తుల్లా కనిపించాయి. వెదురు గణుపుల్లా బారులు తీరిన పెద్ద కడ్డీలు ఒక్కటీ లేవు. టెక్నీషియన్ వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది.

అయితే ఊదా రంగు చెప్పేది ఇంటిపేరే. ఆ ఇంటి మనుషులు ఒక్క తీరువాళ్లు కారు. గొలుసుకట్టు స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పితో మొదలై కొందరు పిల్లల్లో గుండె కవాటాలదాకా కీడు చేస్తుంది. జంటగా ఉండే న్యుమోకాకస్ ఊపిరితిత్తులకు చేటు. డోలుకర్రలా కొసన స్పోరు మోసేది ధనుర్వాతం, వంకరటింకరగా పడి ఉండేది కంఠసర్పి. తొలకరి పచ్చికకు మందల్ని కూల్చే చిటుక రోగం కూడా ఈ వంశానిదే. అందుకే ఈ తీగ చీమును రక్తపు అగార్ మీద కూడా గీసి, 37 డిగ్రీల పెట్టెలో రాత్రంతా ఉంచేలా చూసింది.

మర్నాడు బంగారు ఛాయలో గుండ్రటి కాలనీలు లేచాయి. తొలి పరీక్ష కాటలేజ్. అక్కడ ఈ తీగ పక్కకు తప్పుకుంది. లోహమే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను బుడగలెక్కించగలదు, ఆ సాక్ష్యం చెల్లదు. చెక్కపుల్ల అందుకుంది ఆ పని. బుసబుసమని నురగ వచ్చింది: స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ కాదు. తర్వాత కుందేలు ప్లాస్మాలో ఒక కాలనీని కలిపారు. నాలుగు గంటలు గడవకముందే గొట్టం వంచినా జారనంతగా గడ్డకట్టింది. పేరు తేలింది: స్టెఫైలోకాకస్ ఆరియస్. పాలిచ్చే పశువుల్లో పొదుగువాపు తెచ్చేవాటిలో ఇదీ ఒకటి.

పేరు తెలిసినంత మాత్రాన మందు తెలియదు. మెథిసిలిన్ 1959లో వచ్చింది, దానికి లొంగని స్టెఫైలోకాకస్ 1961కల్లా ఇంగ్లండులో బయటపడింది. అందుకే మెథిసిలిన్‌కు లొంగుతుందో లేదో తేల్చడానికి సెఫాక్సిటిన్ బిళ్ల పెట్టి చుట్టూ ఖాళీ వలయాన్ని కొలుస్తారు. 22 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే లొంగినట్టు. కాపరిది 26. మందుల మాటకొస్తే, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనల డైరెక్టరుగా ఉన్న లెడర్లీ సంస్థలో 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. దాన్ని ఇచ్చిన మట్టి సూక్ష్మజీవి స్ట్రెప్టోమైసిస్ కూడా గ్రామ్ పాజిటివే. జబ్బు తెచ్చే ఇంట్లోంచే మందూ రావడం ఈ తీగకు ఎంత విన్నా తనివితీరని కథ.

రిపోర్టు చూసి డాక్టరు, ఇచ్చిన మందు మాన్పించి దీనికి చాలినంత సూటి మందు రాశారు. “మళ్లీ గొర్రె చస్తే కోయొద్దు మామా. తోలు తీస్తే దొమ్మ సూక్ష్మజీవులు గాలి తగిలి స్పోర్లుగా మారి మట్టిలో ఏండ్లకేండ్లు నిలుస్తాయి. పశువైద్యుడొచ్చి చెవి నరం నుంచి రక్తం చుక్క తీసుకుంటాడు, అంతే” అంది టెక్నీషియన్.

కాపరి గుమ్మం దగ్గర ఆగాడు. “ఇంకో రెండు పొద్దున్నుంచి మేత ముట్టలేదమ్మా.”

ఆమె పెండ్లిమర్రి పశువైద్యశాల నంబరు వెతకసాగింది.