పాత మారుతికి కొత్త పెళ్లికొడుకు సోకు

ఆదోనిలో పత్తి అమ్మి కొన్న తొలి మారుతి 800ను పాత ఇనుప సామాన్లోడికి తోసేసినోళ్లే, ఇప్పుడు దాని డోరు పిడి కోసం ఎమ్మిగనూరు షెడ్లన్నీ గాలిస్తున్నారు.

1983లో బండి ధర సుమారు 47,500. ఇవాళ ఆ డబ్బు రంగుకు చాలితే అదృష్టం.

ఎండాకాలంలో ఏసీ లేదని తిట్టిందీ ఈ నోరే. ‘ఆ గాలే వేరప్పా!’ అంటున్నదీ ఈ నోరే.

పైగా ‘వింటేజ్’ అట! 2021 కేంద్ర నిబంధనల ప్రకారం ఆ హోదాకు 50 ఏళ్లు దాటాలి. దేశంలో మొట్టమొదటి మారుతికైనా 2033 దాకా ఆగాల్సిందే.

హోదా వచ్చాక రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదట. మన గుంతలు చూసి రాశారేమో!

అందాకా అది పాత బండే. గ్రీన్ ట్యాక్స్ కట్టి కదలండి.