అమ్మకేం కాలేదని తేల్చెయ్యడానికి ఏడు చిట్కాలు

మీకు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం. అమ్మ అరసవల్లిలో, అన్నావదినల దగ్గర. ఒకరోజు వదిన ఫోన్ చేసి "అత్తకి మతి నిలవట్లేదు బాబూ, ఓసారొచ్చి చూడు" అంటుంది. డాక్టరు, స్కానింగ్, సెలవు... ఈ తలనొప్పులన్నీ తప్పాలంటే, అమ్మ తన పనులు తాను ఎలా చేసుకుంటోందో మీరే ఒక్క పూటలో పరీక్షించి "పెద్దతనం, అంతే" అనెయ్యాలి. దానికి ఈ పద్ధతులు బాగా పనికొస్తాయి.

1. ఆదివారమే రండి. పొద్దున్న సూర్యనారాయణ స్వామి దర్శనం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బస్సు. మధ్యలో అమ్మకి పావుగంట. తలదువ్వి, ఉతికిన చీర కట్టి కూర్చోబెడితే అమ్మ నవ్వుతూనే మాట్లాడుతుంది. తల ఎవరు దువ్వారో, చీర ఎవరు కట్టారో అడగొద్దు.

2. పాత సంగతులే అడగండి. ఆదిత్య హృదయం చదవమనండి, తడుముకోకుండా చదివేస్తుంది. మీ పెళ్ళిలో ఎవరు అలిగారో కూడా చెబుతుంది. "నాకే ఇంత జ్ఞాపకం లేదు" అని మురిసిపోండి. చిన్నప్పుడు కంఠతా పట్టినవి చాలాకాలం నిలుస్తాయనీ, ముందుగా చెదిరేది పొద్దున జరిగిందేననీ ఎవరైనా అంటే వినొద్దు.

3. అమ్మ మాటే వేదం. "మాత్రలేసుకున్నావా?" "ఏసీసుకున్నాను." "అన్నం తిన్నావా?" "తినీసినాను గదేటి!" పరీక్ష ముగిసింది. బీపీ మాత్రల షీటు తీసి లెక్కపెట్టడం కన్నతల్లిని అనుమానించడమే. తనలో లోటు తనకి తెలియకపోవడం మతిమరుపు జబ్బులో (డిమెన్షియాలో) తరచూ కనిపించేదే. మనకి కావలసిందీ అదే.

4. వదినని అడగొద్దు. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చే పింఛను 4,000 రూపాయలు, ఎనిమిది అయిదొందల నోట్లు. అమ్మ లెక్కపెడుతుంది. అయిదో నోటు దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వస్తుంది. కొంగున ముడేస్తుంది, చీకటిపడే వేళకి బియ్యం డబ్బాలో దాస్తుంది. తెల్లారితే "నా డబ్బులు కోడలు తీసీసింది" అని వీధిలో చెబుతుంది. దాచిన చోటు మరిచి దొంగతనం అంటగట్టడం డాక్టర్లు రోజూ వినే లక్షణం. మీరు మాత్రం అత్తాకోడళ్ళ గొడవ కింద కొట్టిపారెయ్యండి. రాత్రింబవళ్ళూ చూసే ఒకే ఒక్క సాక్షిని ముద్దాయిని చేసేస్తే ఇక కేసే ఉండదు.

5. ప్రతిదానికీ ఒక సాకు ఉంచుకోండి. ఏటా రథసప్తమికి పరవాన్నం వండే చెయ్యి ఈసారి బెల్లం రెండుసార్లు వేసి, పొయ్యి ఆపడం మరిచిందా? "కంగారు" అనండి. ఆ రోజు గుడి దగ్గర తప్పిపోతే జనం ఎక్కువ. మామూలు రోజున తప్పిపోతే వీధులు మారిపోయాయి.

6. ఒక పట్టిక చూసి, అన్ని పట్టికలూ దండగ అనెయ్యండి. 1969లో అమెరికాలో లాటన్, బ్రోడీ ఎనిమిది పనులతో ఒక కొలమానం తయారుచేశారు: ఫోను, బజారు, వంట, ఇంటిపని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు. అది నాన్నకి పెడితే వంటలో సున్నా. పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించని మనిషికి సున్నా రాక ఏమొస్తుంది? మగవాళ్ళకి వంట, ఇంటిపని, బట్టలు వదిలేసి అయిదింటికే లెక్కకట్టారన్న సంగతి చెప్పొద్దు. చదువురాని పల్లెవాళ్ళ కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో 1990ల్లో తయారైన పట్టిక ఊసు అసలే ఎత్తొద్దు. తిన్నది మరిచి మళ్ళీ అన్నం అడుగుతున్నారా, సొంత ఊళ్ళో దారి తప్పుతున్నారా లాంటి, మన ఇంట్లో జవాబు దొరికే ప్రశ్నలు అందులో ఉంటాయి.

7. రెండురోజుల్లో తారుమారైనా వయసే అనండి. మొన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి మనుషుల్ని పోల్చుకోలేకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో సోడియం తగ్గడమో కావచ్చు. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నెమ్మదిగా వచ్చే మరుపు వెనక థైరాయిడ్, బి12 లోపం, దిగులు, చెవుడు ఉండవచ్చు. వీటిలో మందులతో కుదుటపడేవి ఉన్నాయి. అలా కుదుటపడితే మీ "పెద్దతనం" మాట తప్పని తేలిపోదూ?

ఇప్పుడు ఈ ఏడింటినీ తిరగెయ్యండి, అసలు పద్ధతి అదే. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఒక కాగితం తీసుకుని డబ్బు, మందులు, వంట, దారి, స్నానం, బట్టలు అని రాయండి. ఏడాది కిందట ఆ పని ఎలా చేసేవారు, ఇప్పుడెలా చేస్తున్నారు, ఎవరి సాయం కావలసి వస్తోంది అన్నది పక్కన రాయండి. దగ్గరుండి చూసేవాళ్ళని విడిగా కూర్చోబెట్టి అడగండి, వాళ్ళ మాట నమ్మండి. ఎటు వెళ్ళాలో తోచకపోతే పెద్దల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యండి. డాక్టరు చూసేది కొద్ది నిమిషాలే కాబట్టి, ఆ కాగితం మాత్రం ఇంట్లో మరిచిపోకండి.