లిఫ్టు పక్క నోటీసునకు ‘శునకానుకంపిని’ అను వ్యాఖ్య

మూలము:

“దీపావళి పర్వదినమును పురస్కరించుకొని మన సముదాయమునందు బాణసంచా కాల్చబడును. కావున శునక యజమానులు తమ తమ శునకములను ముందుగానే శాంతపరచుకొని సహకరించవలసినదిగా కోరడమైనది. — కార్యవర్గము.”

అవతారిక:

లోకహితార్థమై కార్యవర్గమువారు వెలువరించిన ఈ రెండు వాక్యముల గ్రంథము లిఫ్టు తలుపు ప్రక్కన ప్లాస్టిక్ తొడుగులో, నాలుగు మూలల సెల్లోటేపుతో వెలయుచున్నది. మిక్కిలి గంభీరము, వ్యాఖ్య లేక బోధపడదు. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు మెదకు సీమవాడైన మల్లినాథసూరి ఆన పెట్టుకొనెను. ఆ ఆన మాకు వర్తింపదు. ఆయనకు కాళిదాసు దొరికెను. మాకు కార్యవర్గము దొరికినది.

పాఠాంతరము:

సెల్లార్ గోడమీది ప్రతిలో “శునకములు తమ తమ యజమానులను ముందుగానే శాంతపరచుకొని” అని కలదు. టైపు చేసినవాని పొరపాటని కొందరందురు. కాదు. చిక్కైన పాఠమే ప్రాచీనమని పరిష్కర్తల మతము. దిద్దువాడు చిక్కును విప్పునే గాని క్రొత్తగా ముడి వేయడు గదా. అనుభవమును ఈ పాఠమునకే సాక్షి. నోటీసు చదివి బీపీ పెరిగి కూలబడిన యజమాని మోకాలిమీద గడ్డము ఆన్చి అతనిని నెమ్మదింపజేయునది కుక్కయే. అయినను ఎక్కువ అంతస్తులలో కనబడుటచే పై పాఠమునే గ్రహించితిమి.

ప్రతిపదార్థము:

‘దీపావళి’ మొదలు ‘బాణసంచా’ వరకు సులభము. ‘కాల్చబడును’ — ఇట నిలువవలెను. ఇందు కర్త లేడు. కర్మణి ప్రయోగమందైనను ‘రామునిచేత రావణుడు చంపబడెను’ అని చేసినవాడు ‘చేత’ పట్టుకొని ఒక మూల నిలుచుండును. ఇట ఆ ‘చేత’యు లేదు. టపాకాయలు తమంతట తామే పెట్టెలోనుండి లేచి, మెట్లు దిగి, అగ్గిపుల్ల గీసికొనునని అన్వయింపవలెనా? రెండవ వాక్యమునకు వచ్చుసరికి కర్త బయటపడినాడు: యజమానులు. అనగా పేల్చువాడు లుప్తుడు, ఓర్చుకొనువాడు ఉక్తుడు. పోయినేడు రాత్రి పదకొండున్నరకి, సెల్లార్లో కార్ల మధ్య థౌజండ్‌వాలా ముట్టించిన ఆ లుప్తకర్త ఎవరో బ్లాకంతా తెలుసు. కార్యవర్గానికి ఇంకా బాగా తెలుసు, వాళ్ళబ్బాయే కాబట్టి. ప్రకృతము ననుసరింతము.

‘శునక’ — దీనిని తేలికగా దాటరాదు. ఋగ్వేదము 10వ మండలము 108వ సూక్తమున సరమ యను దేవశుని కలదు. పణులు దాచిన ఆవులకై ఇంద్రుని దూతయై రసానదిని దాటి ఒంటరిగా పోయినది. వారు ఆమెను చెల్లెలిగా చేసికొందుమనిరి, ఆవులలో పాలు పంచెదమనిరి. అన్నదమ్ముల వరుసలు, అక్కచెల్లెళ్ళ వరుసలు తానెరుగనని చెప్పి, వచ్చిన పని చెప్పినది. మా జిమ్మీ ఈ వంశమువాడే. కుక్కర్ కూతకే సోఫా క్రిందికి దూరును. వంశము మాట వంశము, చెవి మాట చెవి.

భారతమునందును సరమ కలదు. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా ఆమె కొడుకు సారమేయుడు అటు వచ్చెను. రాజు తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు (ఆ భీముడు కాడు) వానిని కొట్టిరి. పిల్ల ఏడ్చుచు తల్లికి చెప్పుకొనెను. తల్లి వచ్చి అడిగినది: వీడు హవిస్సు నాకెనా? పోనీ, దానివంక చూచెనా? మరి ఎందుకు కొట్టితిరి? వ్యాసభారతమున వారు బదులు పలుకరు. అనుకోని భయము మీకు కలుగునని శపించి ఆమె వెడలిపోయినది. ఈ సందర్భమున నన్నయ ఆమె నోట పలికించిన కందము పద్యప్రియులలో పలువురికి కంఠస్థము గనుక ఇట ఉదాహరింపము. ఆదికవి భారతకథలోనికి దిగుచునే ఒక కుక్క ఫిర్యాదును నమోదు చేసికొనెను. మా అపార్ట్‌మెంటు ఫిర్యాదుల పుస్తకం వాచ్‌మన్ పాలలెక్క రాసుకోవడానికి వాడుతున్నాడు.

తరువాతి ఘట్టమే ముఖ్యము. జనమేజయుడు బెదరెను. యాగము ముగించి హస్తినకు వచ్చి, ఆ శాపమును శాంతింపజేయగల పురోహితునికై వెదకెను. శ్రుతశ్రవసుడను ఋషి కొడుకు సోమశ్రవసుని వేడి తెచ్చుకొనెను. ఈ సోమశ్రవసుడు నాగిని గర్భమున పుట్టినవాడని వ్యాసుడు. నాగిని కొడుకును పురోహితునిగా తెచ్చుకొన్న రాజే ముందు ముందు సర్పయాగమునకు పూనుకొనుట ఎంత వింత! అడుగడుగున ఇట్టి వంకర నవ్వు భారతమునకు సహజము. ఉదంకుడు రాజును ఆ యాగమునకు ఎగదోయుట, నడుమ పౌష్యుని రాణి కుండలముల కథ, వానిని తక్షకుడు ఎత్తుకొనిపోవుట...

ఏమి చెప్పుచుంటిమి? నోటీసు. శాంతి చేసికొనవలసిన భారము దెబ్బ తిన్న కుక్కది కాలేదు, కన్న సరమది కాలేదు. కొట్టినవారి ఇంటిదే అయినది. స్వర్గము దాక ధర్మరాజు వెంట నడచిన కుక్క అందరెరిగినదే గనుక విడిచితిమి.

‘ముందుగానే’ — ఎంత ముందుగా? నోటీసు అంటించినది నరకచతుర్దశి ఉదయము. పేలుళ్ళకు కుక్క చెవిని అలవాటు చేయు పద్ధతి కలదు. టపాకాయల చప్పుడును ఫోనులో వినీ వినబడనంత చిన్నగా పెట్టి, అదే సమయమున ఇష్టమైన తిండి పెట్టుచు, రోజుల తరబడి చప్పుడును కొంచెము కొంచెముగా పెంచవలెను. బెదరిన చోట మరల తగ్గింపవలెను. వినాయకచవితికి ముందే మొదలుపెట్టినవానికి దీపావళికి ఫలము దక్కవచ్చును. చతుర్దశినాడు మొదలుపెట్టినవానికి నరకమే.

‘శాంతపరచుకొని’ — భరతుడు చెప్పిన రసములు ఎనిమిది. శాంతము తొమ్మిదవదిగా నిలుచుటకు అభినవగుప్తుని వరకు వాదము నడచినది. దానిని ఒక్క సాయంత్రములో కుక్కయందు నిష్పన్నము చేయుమని కార్యవర్గమువారి ఆజ్ఞ. కుక్కయందు ఆ పూట సిద్ధముగానున్నది భయానకము. ఎండ లేకున్నను రొప్పుట, నిద్ర లేకున్నను ఆవులించుట, పెదవులు నాకుకొనుట, తోక కాళ్ళ నడుమ దాచుట దాని అనుభావములు. విభావము లక్ష్మీబాంబు. నాలుగు మీటర్ల దూరమున 125 డెసిబెళ్ళు మించరాదని నిబంధన. సెల్లార్ కప్పుకు కొట్టుకొని తిరిగి వచ్చు చప్పుడును కొలుచువాడెవడు? మన చెవి 20,000 హెర్ట్జ్‌ల దగ్గర ఆగును, కుక్క చెవి సుమారు 45,000 దాక పోవును.

చేయగలిగినది లేకపోలేదు. పొద్దు గూకకముందే గొలుసుతో బయట తిప్పి తేవలెను. అన్నము పెందలకడ పెట్టవలెను. కిటికీలు మూసి, తెరలు దించి, ఫ్యాను, టీవీ పెట్టవలెను. బెదరి పారిపోయిన కుక్క దారి తప్పును గనుక మెడపట్టీకి ఫోను నంబరుండవలెను. తానెక్కడ దాగుకొనునో అక్కడనే దాగుకొననీయవలెను. మావాడికి బాత్రూములో బకెట్టు వెనక. దగ్గరకు తీసి నిమిరితే భయము ముదురుననుట అపోహ. భయము గారాబముచే నేర్చిన అల్లరి కాదు. నేను ఆ బకెట్టు పక్కనే చదువుకుంటూ కూర్చుంటాను, ఎవరేమనుకున్నా సరే.

మందుల విషయము. సగం అవిల్ బిళ్ళ వేస్తే పడుంటుందని మూడో అంతస్తు బాబాయిగారి సలహా. అట్టివి వైద్యుని అడుగక వేయరాదు. ఎసిప్రొమజీన్ అను పాత మందు కలదు. దానిని ఒంటరిగా వాడిన కాళ్ళు తూలును, రెప్పలు వాలును, భయము మాత్రము లోపల అట్లే మేలుకొనియుండును. చూపరులు ‘ఎంత శాంతంగా ఉందో’ అందురు. కార్యవర్గమువారి శాంతపదమునకు సరియైన అర్థము ఈ మందేనని మా అనుమానము.

‘యజమానులు’ — యజమాని లేని కుక్కల మాటేమి? గేటు దగ్గరి నల్లది, దాని పిల్లలు? మూలము మౌనము వహించినది. శునకశబ్దమును ఉపలక్షణముగా గ్రహించిన, ఐదవ అంతస్తులోని నెలల పసిబిడ్డయు, గుండె ఆపరేషనయి వచ్చిన పెద్దాయనయు ఇందు చేరుదురు. వారిని ఎవరు శాంతపరచుకొనవలెనో?

‘సహకరించవలసినదిగా’ — ఎవరితో ననుట పైని లుప్తకర్త దొరికిననాడు తేలును. తక్కినది స్పష్టము.

తాత్పర్యము:

ఇప్పటి మందులు మొదటి పేలుడుకు గంటో రెండు గంటలో ముందే కడుపులో పడాలి. వణుకు పట్టుకున్నాక వేస్తే పెద్దగా పనిచేయవు. అందుకే పశువుల డాక్టరు అడిగిన మొదటి మాట, “ఎన్నింటికి మొదలుపెడతారండీ?” మూలమును ఎంత శోధించినను తిథి కలదు, గంట లేదు. సెక్రటరీగారూ, ఏ టైముకి, ఎక్కడ కాలుస్తారో ఇంకో కాగితం మీద రాసి అంటించండి. దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే రాసినా చాలు. సెల్లార్లో వద్దని ఒక ముక్క కలపండి. ఆ కాగితానికి వ్యాఖ్య రాయనని మాటిస్తున్నాను.