బాకీహసిత వ్యాఖ్య

అవతారిక: దేవరకొండ బస్టాండు ఎదుట చాయ్ హోటల్. పత్తి ఏరే కాలము. నిరుడు చేబదులిచ్చిన తమ్ముడును, పుచ్చుకొన్న అన్నయు ఎదురుపడిరి. ఇద్దరిదీ ఒకటే ఊరు. అందుచేతనే సంవాదము ఇట్లు నడిచెను.

మూలం:
"అన్నా... హెహ్హె... గా పైసల ముచ్చట ఏమాయె?"
"హహ్హహ్హ! ఇస్త తియ్ తమ్మీ, నేన్ యాడికి వోత!"

ప్రతిపదార్థం: అన్నా = ఓ ఋణగ్రస్తుడా; హెహ్హె = కొట్లాటకు రాలేదు, రేపు నీ బిడ్డ పెండ్లిలో వడ్డించవలసినవాడనే; గా = పక్క బల్లవానికి తెలియనక్కరలేని ఆ; పైసల = ఇరువది వేల రూపాయల యొక్క; ముచ్చట = ప్రసంగమాత్రము; ఏమాయె = ఇయ్యి.
హహ్హహ్హ = వింటిని, కోపము రాలేదు, పైసలును లేవు; ఇస్త = భవిష్యత్కాలము, గడువు లేదు; తియ్ = ఇక చాలించు; తమ్మీ = చిన్నవాడవు, ఓర్చుకో; నేన్ యాడికి వోత = నేనెక్కడికీ పోను. పైసలును ఎక్కడినుండీ రావని ధ్వని.

తాత్పర్యం: అడిగియు అడగనట్లు, ఎగవేసియు ఎగవేయనట్లు. నవ్వులు తీసివేసి చదివినచో మొదటి వాక్యము పంచాయితీకిని, రెండవది ఠాణాకును దారితీయును.

విశేషాలు: ఇందు హాస్యరసము కలదని కొందరందురు. అది పొసగదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ప్రొవైన్ నలుగురు కూడుచోట్ల సుమారు 1,200 నవ్వులు పోగుచేసి 1993లో ప్రకటించెను. వానిలో పరిహాసపు మాటవెంట వచ్చినవి నూటికి 20 అయినను లేవు. వినువానికన్న పలుకువాడే ఎక్కువ నవ్వెను. ఇక్కడను మొదట నవ్వినది అడిగినవాడే.

నాట్యశాస్త్రమందు భరతుడు నవ్వులను స్మితము మొదలు అతిహసితము వరకు ఆరుగా విభజించి, ఉత్తములకు మెల్లని రెండు, అధములకు పెద్దవి రెండు కేటాయించెను. ప్రకృతమందు ఇచ్చినవాని నవ్వు రెండక్షరములు, పుచ్చుకొన్నవానిది మూడు. భరతుని విభాగము చెల్లినది.

పాఠాంతరం: కల్వకుర్తి ప్రతిలో 'హెహ్హె' లేదు. ఆ ప్రతిలో రెండవ వాక్యమును లభింపలేదు.

అపవాదం: "చేనంత గులాబీ పురుగు తిన్నది తమ్మీ, హెహ్హె" అని అన్న పలికినచో తమ్ముడు నవ్వరాదు. కష్టము చెప్పువాడు తాను తట్టుకొనుటకు నవ్వును. వినువాడు నవ్వక ఊకొట్టుటయే న్యాయమని సంభాషణ విశ్లేషకురాలు గెయిల్ జెఫర్సన్ 1984లోనే సంభాషణలు పరిశీలించి చూపెను.

ఫలశ్రుతి: ఇది పఠించినవారికి బాకీ వసూలు కాదు, మాటలు నిలుచును. చాయ్ పైసలు తమ్ముడే ఇచ్చును.