ఎంత వంగాలి?

జపాన్‌లో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. చదువు ముగించినవారు కొలువులో చేరేది కూడా ఏప్రిల్ 1నే. ఈ రెండు ఏప్రిల్‌ల మధ్య విశ్వవిద్యాలయ విద్యార్థి నేర్చుకునేవాటిలో అతిముఖ్యమైనది ఏ సిలబస్‌లోనూ ఉండదు. అది వంగడం. దానికి కొలతలు మూడు. నడవలో ఎదురుపడినవారికి 15 డిగ్రీలు, అతిథికీ పై అధికారికీ 30, గట్టి కృతజ్ఞతకీ అంతకన్నా గట్టి క్షమాపణకీ 45. కోణమానిని జేబులో పెట్టుకు తిరగక్కర్లేదు, నాలుగేళ్లలో అది వెన్నెముకలోనే మొలుస్తుంది. ఉద్యోగం, భాష, సంస్కృతి అని పుస్తకాలు మూడు అధ్యాయాలు రాస్తాయి గానీ, విద్యార్థికి మూడింట్లోనూ వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎదుట ఉన్నదెవరు, ఎంత వంగాలి?

ఉద్యోగ వేటను అక్కడ ‘షూకాత్సు’ అంటారు. దానికి ప్రభుత్వమే పంచాంగం రాసిపెట్టింది. డిగ్రీ మూడో ఏడు ముగుస్తుండగా మార్చి 1న కంపెనీలు తమ గురించి చెప్పుకోవడం మొదలుపెట్టాలి. జూన్ 1 నుంచి ఇంటర్వ్యూలు. అక్టోబరు 1న ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం. చాలా కంపెనీలు ముహూర్తానికి ముందే తాళి కట్టేస్తాయి. అయినా పంచాంగాన్ని ఎవరూ చించెయ్యరు. దేశమంతటా ఒకే రుతువులో పెళ్లిచూపులు జరుగుతున్నట్టుంటుంది ఆ హడావిడి.

పెళ్లిచూపులన్నాక ముస్తాబు తప్పదు. రెండో ఏట జుట్టుకు గోధుమరంగు వేయించుకున్నవాడు మూడో ఏట మళ్లీ నల్లరంగు వేయించుకుంటాడు, పుట్టుకతో వచ్చిన రంగును డబ్బిచ్చి కొనుక్కుంటాడన్నమాట. నల్లసూటు కొంటాడు. ఆ సూటుకు ‘రిక్రూట్ సూట్’ అని పేరే ఉంది. కంపెనీవారు జాలిపడి “మామూలు దుస్తుల్లో రావచ్చు” అని రాస్తే విద్యార్థులు ఆ వాక్యాన్ని వేదమంత్రంలా వ్యాఖ్యానించి, చర్చించి, చివరికి అందరూ నల్లసూట్లలోనే వస్తారు. దరఖాస్తుకు అంటించే ఫోటో పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, వెడల్పు 3. ఇప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తులు పెరిగాయి గానీ, చేత్తో రాసే పద్ధతిలో ఒక్క అక్షరం తప్పుపోయినా తెల్లసిరా పూసి దిద్దడానికి వీల్లేదు. కాగితం మార్చి మొదటినుంచి రాయాలి. మన తాతలు శ్రీరామకోటి రాసిన ఓపిక అక్కడ ఉద్యోగార్థులకు పనికొస్తుంది.

ఇంటర్వ్యూ గది తలుపును మూడుసార్లు తట్టాలి. రెండుసార్లు తడితే అది మరుగుదొడ్డి తలుపు తట్టినట్టని మర్యాద పుస్తకాలు హెచ్చరిస్తాయి. లోపలికి వెళ్లాక ముందు మాట, తర్వాత నమస్కారం. మాట్లాడుతూ వంగకూడదు, వంగుతూ మాట్లాడకూడదు. అప్పుడు అడుగుతారు, “విద్యార్థి దశలో దేనిమీద మనసుపెట్టి కృషి చేశారు?” ఈ ప్రశ్న ఎంత తప్పనిసరంటే దానికి ‘గకుచికా’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. నిజాయితీగా జవాబు చెప్పాలంటే చాలామంది ‘నిద్ర’ అనాలి. అలా అనరు కాబట్టి క్లబ్బుల ఉపాధ్యక్షులు పుట్టుకొస్తారు. దేశంలో ఉన్న క్లబ్బులకన్నా ఉపాధ్యక్షులే ఎక్కువని ఇంటర్వ్యూ చేసేవారికి అనుమానం వస్తుంటుంది. స్వభావం గురించి అడిగితే, “నేను కందెన నూనెలాంటివాణ్ణి, మనుషుల మధ్య రాపిడి తగ్గిస్తాను” అన్నది నలిగిపోయిన జవాబు. ఒక్కరోజులో పదిమంది అదే చెబితే ఇంటర్వ్యూ గది మెకానిక్ షెడ్డు అవుతుంది.

కాదన్న కబురూ మర్యాదగానే వస్తుంది. తిరస్కరణ ఉత్తరం చివర “మీరు మున్ముందు రాణించాలని ప్రార్థిస్తున్నాం” అని ఉంటుంది. అందుకే దాన్ని విద్యార్థులు ‘ప్రార్థన మెయిల్’ అంటారు. ఉద్యోగం రాలేదని చెప్పరు, “నాకోసం ప్రార్థించేశారు” అంటారు. కొన్ని కంపెనీలు ఆ ఉత్తరం కూడా రాయవు. దానికి ‘మౌన ప్రార్థన’ అని పేరు. ఇంతమంది ప్రార్థించాక ఎక్కడో ఒకచోట వరం దక్కుతుంది. కానీ వరం కంపెనీవరకే, పని ఏమిటో ముందుగా తెలియడం అరుదు. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి అమ్మకాల్లో వేయవచ్చు, సాహిత్యం చదివినమ్మాయిని కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు. నాణెం వేసి పిడి తిప్పితే ఏదో ఒక బొమ్మ రాలిపడే యంత్రాన్ని అక్కడ ‘గాచా’ అంటారు. ఈ కేటాయింపుకూ విద్యార్థులు అదే పేరు పెట్టారు.

వెన్నెముక వంగడం వచ్చాక క్రియాపదాలు వంగడం నేర్చుకోవాలి. జపాన్ గౌరవ భాషను ‘కేగో’ అంటారు. ‘తిను’ అన్నదానికి మామూలు మాట తబెరు. పెద్దలు తింటే మెషిఅగరు. అదే అన్నం తాను తిన్నానని పెద్దల ముందు చెప్పుకోవాలంటే ఇతదకు. ‘ఇరష్షరు’ అనే గౌరవ క్రియ ఇంకా ఉదారమైనది. పెద్దవారు వచ్చినా, వెళ్లినా, ఊరికే ఉన్నా అన్నిటికీ అదొక్కటే చాలు. తెలుగువారు దీనికి నవ్వనక్కర్లేదు. ‘దయచేయండి’ అన్న మాటతోనే మనం చుట్టాన్ని లోపలికి పిలుస్తాం, కాస్త గొంతు మార్చి ఆ మాటతోనే బయటికీ పంపిస్తాం.

అయితే ‘గారు’ విషయంలో మనకూ వారికీ దారులు వేరు. తెలుగు ఉద్యోగి బయటివారితో “మా మేనేజరుగారు సీట్లో లేరండీ” అంటాడు. జపాన్‌లో బయటివారి ముందు సొంత కంపెనీ మనుషులందరూ తక్కువే. నిన్న చేరిన కుర్రాడు, తనకన్నా ముప్పయ్యేళ్లు పెద్దయిన అధికారి గురించి ఫోన్లో మన ‘గారు’లాంటి ‘సాన్’ తీసేసి ఉత్త పేరుతో చెప్పాలి. తీసెయ్యకపోతే ఆ అధికారే కోప్పడతాడు. ఎదుటివారి కంపెనీని రాతలో ‘కిషా’ అనాలి, మాటలో ‘ఓన్‌షా’ అనాలి. కారణం ఉంది. కిషా అంటే మీ సంస్థ, కిషా అంటే విలేఖరి, కిషా అంటే రైలుబండి, కిషా అంటే ఆఫీసుకు తిరిగి రావడం. మీ సంస్థ విలేఖరి రైలెక్కి ఆఫీసుకు తిరిగొచ్చాడని చెప్పబోతే నాలుగు కిషాలు వరసగా పడతాయి. ఉద్యోగం అడగడానికి వచ్చినవాడు అంత దూరం ప్రయాణం పెట్టుకోకూడదు.

చదువుకుంటూ దుకాణాల్లో పనిచేసే కుర్రకారు మరోరకం గౌరవ భాష తయారుచేశారు. కొన్నవాడు 1000 యెన్ల నోటిస్తే “వెయ్యి యెన్లు పుచ్చుకుంటున్నాను” అనకుండా “వెయ్యి యెన్ల నుంచి పుచ్చుకుంటున్నాను” అంటారు. ఆ ‘నుంచి’ వినగానే పెద్దలకు పళ్లు జివ్వుమంటాయి. మర్యాద ఇంకొంచెం పెంచబోయి వ్యాకరణాన్ని తుంచారన్నది వారి ఫిర్యాదు.

ఇక ఇంగ్లీషు. ఏళ్ల తరబడి హైస్కూలులో చెప్పిన ఇంగ్లీషు చాలలేదని 2011లో ప్రాథమిక పాఠశాల ఐదో తరగతికి దించారు. 2020లో మూడో తరగతి నుంచే మొదలుపెట్టించి, ఐదు, ఆరు తరగతుల్లో పూర్తిస్థాయి పాఠ్యాంశం చేశారు. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు దరఖాస్తులో టోయిక్ మార్కులు వేసుకుంటారు. 1979లో జపాన్‌వారి కోరిక మీదే అమెరికాలో తయారైన పరీక్ష ఇది. రెండు గంటలు, 200 ప్రశ్నలు, 990 మార్కులు. వినాలి, చదవాలి, గడులు నింపాలి. అందరూ రాసే ఈ పరీక్షలో నోరు తెరిచే పని లేదు, మాట్లాడే పరీక్ష వేరే ఉంది. అందువల్ల 900 దాటినవాడు కూడా దారి అడిగే విదేశీయుణ్ణి చూసి అవతలి కాలిబాటకు మారగలడు. ఇది పిరికితనం కాదు. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే ఉంది. రాజుకీ రిక్షావాడికీ ఒకటే మాటైతే ఎంత వంగాలో తెలిసేదెలా?

ఉచ్చారణ ఇంకో కథ. జపాన్ మాట అచ్చుతోగానీ, అనుస్వారంలాంటి ఒక్క నకారంతోగానీ ముగియాలి. తెలుగువాడికి ఇది సొంతింటి సంగతే. ఇంగ్లీషు బస్ మనకు ‘బస్సు’ అయింది, వారికి ‘బసు’ అయింది. స్కూలు దగ్గర మాత్రం విడిపోయాం. మన పల్లెల్లో ముందు ఒక ఇకారం తగిలించి ‘ఇస్కూలు’ అన్నారు, వారు నడుమ ఉకారం దూర్చి ‘సుకూరు’ అన్నారు. ఇంగ్లీషువాడు ఒక్క ఊపిరిలో అనేసే ‘స్ట్రైక్’ అక్కడ ‘సు-తొ-రా-ఇ-కు’ అని అయిదు మెట్లెక్కుతుంది. లకారం లేని భాష కావడంతో వెలుతురు అనే ‘లైట్’, కుడివైపు అనే ‘రైట్’ రెండూ ‘రాయితో’ అవుతాయి. ఒకటి చాలదని ల, ళ రెండూ దాచుకున్న తెలుగువాడు ఇక్కడ కాస్త గర్వపడవచ్చు.

అరువు తెచ్చుకున్న మాటలు ఆ దేశంలో దిగగానే ఉద్యోగం మార్చుకుంటాయి. ‘కన్నింగు’ అంటే పరీక్షలో కాపీకొట్టడం. ‘మాన్షోన్’ అంటే మామూలు అపార్ట్‌మెంటు ఫ్లాటు. ‘సుమాతో’ అంటే సన్నగా ఉన్నవాడు. విద్యార్థులు చేసే చిన్నపాటి కొలువు ‘అరుబైతో’ జర్మన్ మాట, జర్మనీలో దానికి అసలు అర్థం ఉత్త ‘పని’. 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటల్ కావలసినంత వడ్డించుకు తినే పద్ధతి పెట్టి ‘వైకింగ్’ అని పేరు పెట్టింది. అప్పటినుంచి బఫేకు అదే పేరు. ఇంగ్లీషు అనుకుని ఈ మాటలన్నీ కంఠస్థం చేసిన విద్యార్థి విదేశంలో హోటలుకు వెళ్లి వైకింగ్ కావాలని అడిగితే ఓడదొంగల ఆచూకీ అడిగినట్టుంటుంది.

ఇంగ్లీషుతో ఇన్ని తిప్పలు పడే ఆ విద్యార్థికి తెలుగు సులువేమో అనిపించే ఆనవాళ్లున్నాయి. రెండు భాషల్లోనూ కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. విభక్తులు మాట వెనకే అంటుకుంటాయి. గుండె మనకు దడదడలాడితే వారికి ‘దొకిదొకి’ అంటుంది. నక్షత్రాలు మనకు మిలమిలలాడితే వారికి ‘కిరకిర’ అంటాయి. పరాయి భాష గడగడా మాట్లాడటం వారికి ‘పెరపెర’. 2022 అక్టోబరులో ‘ఆర్ఆర్ఆర్’ అక్కడ విడుదలై విజయం సాధించాక, పాటల కోసం మన ఒత్తులతో కుస్తీపట్టినవారూ ఉన్నారు. ప్రాథమిక పాఠశాల దాటేలోపే 1026 చీనా లిపి గుర్తులు నేర్చినవారికి యాభై ఆరక్షరాలు ఒక లెక్కా!

సంస్కృతి అన్న మూడో అధ్యాయం చాలావరకు కుర్చీలకు సంబంధించినది. గదిలో గుమ్మానికి దూరంగా ఉన్న చోటు పెద్దలది, గుమ్మం పక్కన కొత్తవాడిది. టాక్సీలో డ్రైవరు వెనక సీటు గొప్పది, డ్రైవరు పక్క సీటు తక్కువది. మనవైపు కారులో ముందు సీటు కోసం జరిగే యుద్ధాలు అక్కడివారికి అర్థం కావు. లిఫ్టులో మీటల ముందు నిలబడేవాడు అందరికన్నా చిన్నవాడు. పైఅంతస్తుకు వెళ్లాలని ఎంత కోరికున్నా ముందు మీట నొక్కే ఉద్యోగం చెయ్యాలి. విందులో గ్లాసులు తాకించేటప్పుడు చిన్నవాడి గ్లాసు అంచు పెద్దవాడి గ్లాసు అంచుకన్నా కిందికి ఉండాలి. ఇద్దరూ వినయవంతులైతే రెండు గ్లాసులూ పోటీపడి బల్లదాకా దిగుతాయి. ఫోన్లో మాట్లాడుతూ కనిపించని మనిషికి వంగడం నిత్యం చూసేదే. కొన్ని ఆఫీసుల్లో ముద్రలు కూడా వంగేవి. కాగితం మీద చిన్న ఉద్యోగి తన పేరు ముద్రను పక్కనున్న అధికారి ముద్రవైపు కాస్త వాల్చి కొట్టేవాడు, ఎర్రసిరా నమస్కారం పెడుతున్నట్టు.

వీటన్నిటిపైన ‘గాలి చదవడం’ అనే విద్య ఉంది. ఎవరూ నోరు విప్పకముందే గదిలో ఉన్నవారి మనసు పసిగట్టడం. “ఆలోచిస్తాం” అని బదులొస్తే ఆలోచించరని అర్థం చేసుకోవడం. మన ఇళ్లలో “చూద్దాంలే” అన్న నాన్న మాట విని పెరిగినవారికి ఈ పరీక్షలో తొలి ప్రయత్నంలోనే మార్కులు పడతాయి.

ఈ మూడు అధ్యాయాలనూ ఒకే జీవితంలో చదివినవాడు నవలాకారుడు నత్సుమే సోసెకి (1867–1916). కుర్రతనంలో కట్టడాల శిల్పి కావాలనుకున్నాడు. ఈ దేశంలో లండన్ సెయింట్ పాల్ గుడిలాంటిది కట్టే యోగం లేదు, సాహిత్యమైతే నిలుస్తుంది అని స్నేహితుడొకడు చెబితే సరేనని ఇంగ్లీషు సాహిత్యంలో చేరాడు. ‘ఈ రంగాన్నే ఎందుకు ఎంచుకున్నారు?’ అన్న గడిలో నేటి విద్యార్థి ఆ జవాబు రాస్తే వెంటనే ప్రార్థన మెయిల్ వస్తుంది. మత్సుయామాలో, కుమామొతొలో ఇంగ్లీషు పంతులుగా పనిచేశాక 1900లో విద్యాశాఖ ఆయన్ను లండన్ పంపింది. విశ్వవిద్యాలయ పాఠాలు నచ్చక మానేశాడు. షేక్‌స్పియర్ పండితుడు క్రెయిగ్ దగ్గర ప్రైవేటు చెప్పించుకున్నాడు. రెండేళ్లలో అయిదు ఇళ్లు మారాడు. వచ్చే వేతనం పుస్తకాలకే తగలేశాడు. 1901లో విక్టోరియా రాణి అంతిమయాత్ర చూడబోతే ఆయన ఎత్తు చాలలేదు. ఇంటాయన ఆయన్ను భుజాలమీద ఎక్కించుకుని చూపించాడు. బ్రిటిష్ సామ్రాజ్యాన్ని జపాన్ విద్యార్థి పైనుంచి చూసిన సందర్భం అది. ఇంటావిడ పోరు పడలేక సైకిలు నేర్చుకోబోయి, ఆ పడిపోవడాలన్నీ తర్వాత హాస్యంగా రాసుకున్నాడు. 1901లోనే ఆయన బసలో కొన్నాళ్లు ఉండి వెళ్లిన ఇకెదా కికునయే అనే రసాయనశాస్త్రవేత్త 1908లో సముద్రపు నాచు రుచి గుట్టు విప్పాడు. దాని ఫలితమే మన ఊళ్లలో నూడుల్స్ బండివాడు చిటికెడు చల్లే అజినమోటో.

ఒంటరితనంతో మనసు చెడి, 1903లో ఇల్లు చేరాడు సోసెకి. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1905లో ఒక పిల్లి నోట మనుషుల గుట్టు చెప్పించే నవల మొదలుపెట్టాడు. 1907లో అందరూ కళ్లకద్దుకునే ఆ విశ్వవిద్యాలయ కొలువు వదిలి అసాహి పత్రికలో నవలలు రాసే పనికి కుదిరాడు. 1911లో విద్యాశాఖ డాక్టరేటు ప్రకటిస్తే, అక్కర్లేదని తిప్పి పంపాడు. విద్యాశాఖ పట్టుపట్టింది, ఆయన వంగలేదు.

అదే ప్రభుత్వం 1984లో ఆయన బొమ్మను 1000 యెన్ల నోటుమీద అచ్చు వేసింది. 2004లో కొత్త నోటు వచ్చేదాకా దుకాణాల్లో పనిచేసే విద్యార్థులు “వెయ్యి యెన్ల నుంచి పుచ్చుకుంటున్నాను” అంటూ ఆ నోటును అందుకుని తల వంచారు. నోటుమీద సోసెకి తల మాత్రం నిటారుగానే ఉంది.