పన్లో పనిగా ఒక ఇల్లు

అబద్ధమని తెలిసీ అందరూ మర్యాదగా నమ్మే కాగితాలు రెండున్నాయి. ఒకటి ఎన్నికల మేనిఫెస్టో, రెండోది ఇంటి ఎస్టిమేట్. మొదటిది అయిదేళ్లకోసారి వస్తుంది. రెండోది జన్మకోసారే, దాని వడ్డీ మాత్రం నెలనెలా వస్తుంది.

మా నెల్లూరు జిల్లా సీతారామపురంలో ఎస్టిమేట్ వేయడం చాలా తేలిక. బేల్దారి ఖాళీ జాగాలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి, బీడీ ఆర్పి, "ఏముంది సామీ, ఎనిమిదిలో అయిపోతాది" అంటాడు. లక్షలా, ఏళ్లా అని మనం అడగం, అతను చెప్పడు. కాగితం మీద సిమెంటు, ఇనుము, కంకర, ఇటుక, కూలి ఉంటాయి. డబ్బు తినేవన్నీ కాగితం బయట ఉంటాయి. బోరు, అది ఎండితే రెండో బోరు, మెట్ట ప్రాంతం కదా. ముగ్గు పోసిన రోజు పూజ, గుమ్మం ఎత్తిన రోజు బట్టలు, శ్లాబు రోజు బిరియాని. వంటగది పూర్తయ్యాక తీరిగ్గా వచ్చిన వాస్తు సిద్ధాంతి, ఆయన పడగొట్టించిన గోడ. ఇసుక సంగతంటారా, 2024 జులై నుంచి ఉచితమే. ట్రాక్టరు ఉచితం కాదు. వెలిగొండ కొండల కింద ఉన్నవాళ్లం, పెన్నమ్మ ఇసుకను గుమ్మంలోకి రప్పించుకోవాలంటే డీజిలు మనమే పోయాలి.

వీటన్నిటికీ పెద్దన్న లాంటి పద్దు ఇంకొకటుంది: "పన్లో పనిగా". పన్లో పనిగా పైకి మెట్లు. పన్లో పనిగా ఇంకో అంతస్తు మోసేటట్టు పిల్లర్లు. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగితే, మా పొరుగాయన ఆ మిగలబోయే డబ్బుతో వరండా రెండడుగులు ముందుకు జరిపాడు. అలా జరపడానికి మళ్లీ అప్పు చేశాడు. పన్ను తగ్గించి మనిషిని అప్పులపాలు చేయొచ్చని ఢిల్లీవాళ్లకు తెలిసుండదు.

ప్రభుత్వం మాత్రం ఇంత చపలచిత్తం కాదు, మాట మీద నిలబడుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలంది. ఇప్పటికీ అదే మాట. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలట. 72 చదరపు అడుగుల నెల్లూరు అంకణంతో కొలిస్తే నాలుగంకణాలు కూడా రాదు. 2020 డిసెంబరులో రాష్ట్రమంతా ఇళ్ల పట్టాలు పంచినప్పుడు పల్లెల్లో సెంటున్నర జాగా, ఇంటికి 1.80 లక్షలు అన్నారు. చాలదని 35 వేల పావలా వడ్డీ అప్పు కలిపారు. అదీ చాలదని 2025 మార్చిలో, ఆగిపోయిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకైతే 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష అదనమన్నారు. "ఎనిమిదిలో అయిపోతాది" అనడం ఒక్క బేల్దారికే వచ్చనుకున్నాం.

హౌసింగు వాళ్ల లెక్కలో ఇంటికి ముఖ్యమైన అవతారాలు మూడు: బీఎల్, ఆర్‌ఎల్, ఆర్‌సీ. మన భాషలో బేస్‌మెంటు, గోడలు, శ్లాబు. అవతారం పూర్తయి, ఫొటో ఎక్కితేనే బిల్లు. ముందు అప్పు తెచ్చి కట్టుకుంటే తర్వాత సాయం చేస్తారన్నమాట. ఈ రెంటి మధ్య కాలాన్ని ఏలేది నూటికి రెండు రూపాయల వడ్డీ. పావలా వడ్డీ ఏడాదికి 3 శాతం, రెండు రూపాయలంటే 24. ఉదయగిరి కోటను పట్టుకోవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టిందంటారు. ఆయనకు శ్లాబు నుంచి గృహప్రవేశం దాకా రావలసిన పని పడలేదు.

ఇదేదో మన ఒక్కళ్ల జబ్బు కాదు. సిడ్నీ ఒపేరా హౌస్ 70 లక్షల డాలర్ల అంచనాతో మొదలై, 1973లో 10 కోట్ల 20 లక్షల దగ్గర ఆగింది. మా బేల్దారికి ఈ మాట చెబితే, "వాళ్లూ పన్లో పనిగా అనుంటార్లే సామీ" అన్నాడు. అంతదూరం ఎందుకు, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం మా పొలాలు ఇంకా మెడలు చాచే ఉన్నాయి.

అయినా బేల్దారిని తిట్టి లాభం లేదు. ఉన్నదున్నట్టు చెప్పే బేల్దారి ఈ చుట్టుపక్కల ఉండి ఉంటే, అతనికి పని దొరక్క ఎప్పుడో బెంగళూరు బస్సెక్కి ఉంటాడు. ఎస్టిమేట్ వేసేది ఇల్లు పూర్తి చేయడానికి కాదు, మొదలుపెట్టే ధైర్యం తెచ్చుకోవడానికి. పునాది తవ్వాక వెనక్కి పోలేమని మనకూ తెలుసు, అతనికీ తెలుసు, బిల్లు ఇచ్చే సర్కారుకూ తెలుసు.

కాబట్టి ఇల్లు కట్టదలచిన మగమహారాజులకు ఒక సలహా. బేల్దారి చెప్పిన అంకె కాగితం మీద వేయండి. దాన్ని రెట్టింపు చేసి మనసులో దాచుకోండి. ఆ రెండో అంకె ఇంట్లో ఆడవాళ్లకు ఎలా చెప్పాలా అని మాత్రం మథనపడకండి. మెళ్లో గొలుసు తడుముకుంటూ వాళ్లు ఆ లెక్క ముగ్గు పోసిన రోజే కట్టేశారు.